ఇంటిపేరు అడగని గది

కొలకలూరులో ఇంటిపేరు చెబితే చాలు. తాత ఎవరో, పొలం ఎక్కడుందో, కులమేమిటో ఎదుటివాళ్లే చెప్పేస్తారు. తెనాలి చుట్టుపక్కల ఏ ఊరైనా అంతే. అలాంటి చోట తాగుడు మానాలనుకున్నవాణ్ణి ముందు వెనక్కి లాగేది నలుగురి నోళ్లే. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) మీటింగులో ఆ భయాన్ని తీసేసిన నేర్పు చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అక్కడ పెట్టినపేరు ఒక్కటి చెబితే చాలు. మన దగ్గర ఇంటిపేరు వదిలేశారంటే దాంతోపాటు వచ్చే కులం, ఆస్తి, పరువు కూడా గుమ్మం అవతలే ఉండిపోతాయి.

ఈ కట్టడానికి పునాది 1935 మేలో, అమెరికాలోని ఆక్రన్‌లో పడింది. బిల్ విల్సన్ అప్పటికి కొన్ని నెలలుగా మందు ముట్టలేదు. ఆ ఊరికి వచ్చిన వ్యాపారపు పని బెడిసికొట్టింది, హోటల్లో బార్ పిలుస్తోంది. తను నిలబడాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తట్టింది. ఫోన్ల మీద ఫోన్లు చేసి చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని పట్టుకున్నాడు. పావుగంటకు మించి కూర్చోనన్న డాక్టరు గంటల తరబడి కదల్లేదు. వచ్చినవాడు నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నాడు. డాక్టరు తర్వాత ఒకసారి జారాడు. ఆఖరుసారి తాగింది జూన్ 10న అంటారు. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా చేసుకున్నారు. ఇందులో నన్ను కట్టిపడేసేది ఒకటుంది: వినేవాడి అవసరం చెప్పేవాడికే ఎక్కువ.

మీటింగులో ఒక మనిషి మాట్లాడే తీరు చూడండి. పేరు చెప్పి, 'నేను ఆల్కహాలిక్‌ని' అంటాడు. పుస్తెలు తాకట్టు పెట్టిన రోజు, పిల్లాడి ఫీజు డబ్బు షాపులో పోసిన రోజు ఒక్కొక్కటీ బయటికి తీస్తాడు. మధ్యలో ఎవరూ అందుకోరు. అయ్యాక 'నువ్వు ఇలా చెయ్యి' అనరు. పక్కవాడు తన కథ మొదలుపెడతాడు. అమ్మ, మామ, పాస్టరు, డాక్టరు చెప్పినవన్నీ విని విని చెవులు మూసుకున్నవాడికి, సలహా లేని ఆ గంట ఎంత ఊరటో! తెనాలి నాటకాల ఊరు. తెలుగు నాటకకర్త కాళ్లకూరి నారాయణరావు తాగుడు మీద 'మధుసేవ' అని ఏకంగా ఓ నాటకమే రాశారు. నాటకంలో పతనాన్ని దూరం నుంచి చూసి కన్నీళ్లు పెట్టుకుంటాం. ఇక్కడ పడి లేచినవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు.

నియమాల్లో ఇంకా పనితనం ఉంది. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు వాషింగ్టోనియన్ల సంఘం పెట్టారు. ఊరూరా పాకిన ఆ సంఘం మద్యనిషేధ రాజకీయాల్లోకీ తగాదాల్లోకీ దిగి కొన్నేళ్లకే చెదిరిపోయింది. ఆ పాఠం వృథా పోలేదు. 1950లో ఏ.ఏ. ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల ప్రకారం బయటి విషయాల మీద సంస్థకు అభిప్రాయం ఉండదు, బయటి విరాళం తీసుకోదు. మన రాష్ట్రాన్నే చూడండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగారు, 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటం గొప్పది. కానీ షాపు మూసినా తెరిచినా, తాగకుండా ఈ ఒక్కరోజు గడపాల్సిన మనిషికి ఎవరో ఒకరు తోడుండాలి. ఆ తోడు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారకూడదు.

ఇది నమ్మకం మీదే నడిచే వ్యవహారమనుకుంటే పొరపాటు. 2020లో కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా మనుషుల ఫలితాలను కలిపి చూసింది. పద్ధతిగా ఏ.ఏ. వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఇతర మానసిక చికిత్సల కన్నా మెరుగని తేలింది. అయితే ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లు ముందు ఆసుపత్రికి వెళ్లాలి, మీటింగు ఆ తర్వాత.

ఇంటివాళ్ల కోసం ఇదే తీరులో 1951లో అల్-అనాన్ మొదలైంది. భర్త ఇంకా తాగుతూనే ఉన్నా సరే, భార్య అక్కడికి వెళ్లవచ్చు.