గోడ అడుగున పనితనం

అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు సీలింగు మీద, వంటగట్టు మీద ఉంటాయి. గోడ అడుగున నేలను ఆనుకుని ఉండే పట్టీని, అంటే స్కర్టింగ్‌ను, ఎవరూ పట్టించుకోరు. నిజానికి అద్దె ఇంట్లో ఎక్కువ దెబ్బలు తినేది అదే. రోజూ తడిగుడ్డ నీళ్లు, చీపురు పోట్లు, కుటుంబం మారినప్పుడల్లా మంచాలూ బీరువాలూ ఈడ్చిన రాపిడి.

అందుకే బాగుచేయించేటప్పుడు సరుకు చూసి ఎంచుకోవాలి. ఎండీఎఫ్ పట్టీ అందంగానే ఉంటుంది గానీ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. చెక్కకు చెద భయం. పీవీసీకి తడి బెంగ లేదు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. రోజూ నేల తుడిచే మన ఇళ్లకు విట్రిఫైడ్ టైలో గ్రానైటో మేలు.

ఇక పనంతా మేస్త్రి చేతిలో ఉంటుంది. మంచి మేస్త్రి టైలును నాలుగంగుళాల పట్టీలుగా కోసి, కోసిన అంచును కిందికి, నున్నటి అంచును పైకి పెడతాడు. నేల టైలు గీతకు పట్టీ గీత కలుపుతాడు. బయటి మూలల్లో రెండు ముక్కల అంచులనూ 45 డిగ్రీలకు అరగదీసి జోడిస్తాడు. ప్లాస్టరింగ్ చెక్కి పట్టీని గోడకు సమంగా కూర్చోబెడితే పైన దుమ్ము నిలవదు. చివర్లో వేలి కణుపుతో తట్టి చూస్తాడు. డొల్ల మోత వినిపిస్తే ఊడదీసి మళ్లీ అతికిస్తాడు.

ఓనర్లూ, అలాంటి మేస్త్రి దొరికితే కూలి దగ్గర గీచి గీచి బేరమాడకండి. మిగిలిన టైళ్లు నాలుగు అటక మీద దాచండి. రేపు ఒక పట్టీ పగిలితే అదే రంగు బజారులో దొరకడం కష్టం.