బీడీల చేట ముందు సిద్ధాంతం

మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు పేటల్లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. ఆయన పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు, తాగుతాడు. ఆమె బీడీలు చుడుతుంది. కూతురు బడి మానేసి తల్లి పక్కన చేరింది. పాత పద్ధతి సోషల్ వర్కర్ ఫైలులో రాసేవి మూడే ముక్కలు: తండ్రికి వ్యసనం, తల్లికి అవగాహన లేదు, పిల్లకు కౌన్సెలింగ్ కావాలి. ఇవి పూర్తిగా అబద్ధాలని అనలేం. కాకపోతే తప్పంతా ఆ నాలుగు గోడల మధ్యే ఉందని తేల్చేస్తాయి.

ఈ ధోరణి మీద 1970లలో బ్రిటన్, కెనడాలలో తిరుగుబాటు వచ్చింది. దానికి బ్రెజిల్ ఉపాధ్యాయుడు పాలో ఫ్రేరి ఆలోచనలు తోడయ్యాయి. విమర్శనాత్మక సోషల్ వర్క్ అంటున్నది దీన్నే. ఫ్రేరి పద్ధతి చూడటానికి తేలిక. జనం రోజూ చూసే బొమ్మో వస్తువో మధ్యలో పెట్టి, దాని మీద వాళ్లచేతే మాట్లాడించాలి.

సోలాపూర్‌లో ఆ వస్తువు పనికిరావని తీసేసిన బీడీల కుప్ప కావచ్చు. వెయ్యి బీడీలు కట్టలు కట్టి కంపెనీకి తీసుకెళ్తే, అక్కడ సరుకు చూసేవాడు వేలితో నొక్కి, ఇది వదులు, ఇది పొట్టి అని పక్కన పడేస్తాడు. వాటికి కూలి రాదు. ఆకు మంచిదా కాదా అని ఎవరు చూశారు? తీసేసినవి ఎక్కడికి పోతాయి? నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకుంటే, ‘నా చేతివాటం బాగాలేదు’ అనుకున్నది గల్లీ మొత్తం తగాదాగా తేలుతుంది. 2025లో రద్దయ్యేదాకా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లనూ కార్మికులుగానే లెక్కించేది. ముడిసరుకు, తిరస్కరణ తగాదాలు తీర్చడానికి అందులో 39వ సెక్షన్ ఉండేది. సోషల్ వర్కర్ చేతిలో కౌన్సెలింగ్ కరపత్రం కన్నా ఇలాంటి సెక్షన్ ఉండటం మేలని నా అభిప్రాయం.

ఇక రెండోది, ఆధునికోత్తర ధోరణి. ఎవరిని రోగి అనాలో, ఎవరిని బాధ్యత లేనివాడనాలో తేల్చే చదువులోనే అధికారం దాగి ఉందన్న ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో మాట దీనికి మూలం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, న్యూజీలాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ దీన్ని పనిముట్టుగా మలిచారు. ఈ పద్ధతిలో పనిచేసేవాళ్లు మనిషిని, సమస్యను విడదీసి అడుగుతారు. ‘నువ్వెందుకు తాగుతావు?’ అనరు. ‘తాగుడు ఈ ఇంట్లోకి ఎప్పుడు దూరింది? రాత్రి షిఫ్టులతోనా? అది గెలవని రోజులున్నాయా?’ అంటారు. రాఖీపున్నమి నాడు పద్మశాలీల మార్కండేయ రథం వెంట నడిచినప్పుడు ముట్టలేదని భార్యే గుర్తు చేయవచ్చు. ఆ చిన్న కొస పట్టుకుని రెండో కథ అల్లుతారు. చేయి చేసుకున్నవాడిని వదిలేయడానికి మాత్రం ఇది సాకు కాదు. మాట్లాడినదాని సారాన్ని ఉత్తరంగా రాసి ఆ ఇంటివాళ్లకే ఇవ్వడం వైట్, ఎప్‌స్టన్‌ల అలవాటుగా ఉండేది. మన ఫైళ్లూ తెలుగులో చదివి వినిపిస్తే, ‘అవగాహన లేదు’ అన్నచోట ఆమె తప్పక అడ్డుపడుతుంది.

ఈ రెండో ధోరణితో నాకొక పేచీ ఉంది. ఊపిరితిత్తుల్లో చేరిన పొగాకు దుమ్ము కథ కాదు, కథ మార్చినంత మాత్రాన అది పోదు. అలాగని మొదటిదీ నిర్దోషి కాదు. బీడీ చుట్టడం దోపిడీ కాబట్టి మాన్పించాలని బయటివాడు తేల్చేస్తాడు. తన చేతికంటూ వచ్చే డబ్బు అదొక్కటేనని చుట్టే ఆవిడ చెబుతుంది. ముందు వినాల్సింది ఆవిడ మాటే.

అలా విన్నచోట ఏమైందో సోలాపూర్ పక్కనున్న కుంభారిలో చూడొచ్చు. కార్మిక నాయకుడు ఆడం నర్సయ్య మాస్టర్, సీఐటీయూ కార్మిక సంఘం నడిపిన ఇళ్ల పోరాటాన్ని సోషల్ వర్క్ పాఠ్యపుస్తకాలు తమ లెక్కలో వేసుకోకపోవచ్చు, నేను వేస్తాను. బీడీలు చుట్టేది ఇంట్లోనే. ఆకు తడిపేది, కత్తిరించేది, పిల్లలు పడుకునేది ఒకే గదిలో. కాబట్టి ఇల్లు అడగడమంటే పనిచోటు అడగడం కూడా. కేంద్రం, రాష్ట్రం, కార్మికులు తలా కొంత వేసుకోగా, గోదూతాయి పరుళేకర్ పేరున్న సహకార సంఘం కట్టిన పదివేల ఇళ్లను మహిళా బీడీ కార్మికులకు 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేశారు. ఆ తర్వాత అసంఘటిత కార్మికుల కోసం 30,000 ఇళ్ల రే నగర్ మొదలైంది. అందులో మొదటి 15,000 ఇళ్లు 2024 జనవరిలో చేతికొచ్చాయి.