మర పోతే ఇంజన్ పోయినట్టు కాదు

మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా ఉన్న క్లేటన్ పేరు చెప్పగానే మనవాళ్లకు గుర్తొచ్చేది మోనాష్ విశ్వవిద్యాలయం. కానీ అది కార్లు తయారైన ఊరు కూడా. 1954లో అక్కడ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లు బిగించడం మొదలైంది. 1976లో ఆ ఫ్యాక్టరీ నిస్సాన్ చేతికి వెళ్లింది.

బీటిల్ ఇంజన్ మోటార్‌సైకిల్ ఇంజన్‌కు దగ్గరి చుట్టమే. గాలికే చల్లబడుతుంది. పొడవాటి స్టడ్‌లు సిలిండర్‌నూ హెడ్‌నూ కలిపి క్రాంక్‌కేస్‌కు అదిమిపెడతాయి. ఆ క్రాంక్‌కేస్ మెగ్నీషియం మిశ్రమం, మెత్తటి లోహం. ఇంజన్ వేడెక్కి హెడ్ వ్యాకోచించిన ప్రతిసారీ స్టడ్ మీద లాగుడు పెరుగుతుంది. కొన్నేళ్లకు స్టడ్ తన చుట్టూ ఉన్న మరలతో సహా పైకి లేచొచ్చేది. 1970లలో కంపెనీ స్టడ్‌లను 10 మి.మీ. నుంచి 8 మి.మీ.కి సన్నబరిచి, కేసులో ఉక్కు మరలు కూర్చింది. సన్నటి స్టడ్ కాస్త సాగి ఆ లాగుడును తానే మోస్తుంది. మెత్తటి లోహంలో గట్టి మర కూర్చడం ఇక్కడ రిపేరు కాదు, డిజైనే. మరమ్మతు చేసిన మర నాసిరకమన్న అపోహ ఇంకా ఎందుకు బతికుందో నాకు అర్థం కాదు.

మన బైకుల్లో కేసులు ఎక్కువగా అల్యూమినియంవి. ఆరు మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్-మీటర్ల బిగింపు చాలు, అంటే పొట్టి స్పానర్‌తో మణికట్టు బలం. పొడుగు హ్యాండిల్ తగిలించి లాగితే బోల్టుకు ఏమీ కాదు, కేసులోని మర నలిగిపోతుంది. మూసుకున్న రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉన్నా, బోల్టు వంకరగా ఎక్కినా అంతే. విశాఖలాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉక్కూ అల్యూమినియమూ కలిసిన చోట తుప్పు పట్టి, బోల్టు విప్పేటప్పుడే మరను ఊడ్చుకొస్తుంది. “త్రెడ్ స్లిప్ అయింది” అని మెకానిక్ అనేది అప్పుడే.

ఇక బాగుచేసే పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన ఇంజన్లలో విరివిగా వాడిన హెలికాయిల్ ఇప్పటికీ మొదటి మందు. స్టెయిన్‌లెస్ స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మర అది. ఆరు మి.మీ. బోల్టు కోసం పాడైన రంధ్రాన్ని 6.3 మి.మీ. బిట్‌తో పెద్దది చేయాలి. పని నిలిచేదీ చెడేదీ ఇక్కడే: రంధ్రం ఏ కాస్త వాలినా కవర్ కూర్చోదు. వీలైతే డ్రిల్ ప్రెస్ వాడాలి. కుదరకపోతే, రంధ్రానికి సూటిగా ఉన్న గైడ్ బిగించి దాని గుండా తొలవాలి. బిట్‌కు గ్రీజు రాస్తే పొట్టు అంటుకుపోయి ఇంజన్‌లో పడదు. తరవాత హెలికాయిల్ కొలతకు తగ్గ ప్రత్యేక ట్యాప్‌తో మర కోయాలి. కిరోసిన్ చుక్కలు వేస్తూ, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. తొందరపడి ట్యాప్ విరిగితే అసలు సమస్య కన్నా పెద్దది వచ్చి పడుతుంది, ఎందుకంటే ట్యాప్ ఉక్కును బిట్ కొరకలేదు.

కాయిల్ వ్యాసం రంధ్రం కన్నా కొంచెం ఎక్కువ. పనిముట్టుతో బిగుతుగా చుట్టి లోపలికి నడిపి వదిలితే అది విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. పై అంచుకు అర మర లోతులో ఆపాలి, లేకపోతే బోల్టు ఎక్కేటప్పుడు పైకి లాగేస్తుంది. అడుగున ఉన్న అడ్డతీగను విరిచి తీసెయ్యాలి. ఇంజన్ లోపలికి తెరుచుకునే రంధ్రమైతే ఆ ముక్క బయటికొచ్చేదాకా పని ముగిసినట్టు కాదు. అయస్కాంతాన్ని నమ్మకూడదు, స్టెయిన్‌లెస్ దానికి సరిగా అంటదు.

తరచూ విప్పే ఆయిల్ డ్రెయిన్ ప్లగ్‌కు నేను తీగ కన్నా గట్టి బుష్‌నే మెచ్చుకుంటాను. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పి, లోపలా బయటా మర కోసి బుష్ వేసే మేస్త్రీలు చేసేదీ ఇదే. బోల్టుకు దారం చుట్టి, ఎం-సీల్ పూసి బిగించడం మాత్రం మరమ్మతు కాదు. తర్వాత పట్టే మేస్త్రీకి తవ్వి పెట్టిన గొయ్యి.

క్రాంక్‌కేస్ మార్చేద్దామా అంటే, ఇంజన్ నంబరు సాధారణంగా దాని మీదే కొట్టి ఉంటుంది. ఇక్కడి ఆర్‌సీలోనైనా, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు రిజిస్ట్రేషన్‌లోనైనా నమోదైనది ఆ నంబరే; కొత్త కేసు వేస్తే కాగితాలూ మారాలి. గోటంత లోహపు చుట్టతో ఆ తలనొప్పి తప్పుతుంది. పైగా సరిగ్గా కూర్చున్న ఉక్కు మర భారాన్ని సమంగా పంచుకుంటుంది కాబట్టి పాతదాని కన్నా బలంగా నిలుస్తుంది. మళ్లీ బిగించేటప్పుడు మాత్రం కంపెనీ చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్ వాడండి. కొత్త మర గట్టిదైనా, దాన్ని పట్టుకున్న కేసు ఇంకా అదే మెత్తటి అల్యూమినియం.