అర్జునుడి రెండు సందేహాలు

అర్జునుడు అనగానే గాండీవం జారవిడిచి రథంలో కూలబడ్డ వీరుడు గుర్తొస్తాడు. సాధన చేసేవాళ్లకు మాత్రం గీత ఆరో అధ్యాయంలోని అర్జునుడే దగ్గరివాడు. ఎక్కడ కూర్చోవాలో, ఎలా కూర్చోవాలో, చూపు ఎక్కడ నిలపాలో కృష్ణుడు అంత వివరంగా చెప్పాక, ఇదంతా నావల్ల అయ్యేలా లేదు, మనసును పట్టడం గాలిని పట్టినట్టే ఉంది అని మొహమాటం లేకుండా అనేస్తాడు. కృష్ణుడు కసురుకోడు. నిజమే, కష్టమే అని ఒప్పుకుని, రెండు ఉపాయాలు చెబుతాడు: అభ్యాసం, వైరాగ్యం. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోనూ ఈ జంటే కనిపిస్తుంది.

అభ్యాసానికి పతంజలి పెట్టిన షరతులు మూడు. చాలాకాలం చేయాలి, మధ్యలో మానకూడదు, ఆదరంతో చేయాలి. మనసు కదలకూడదన్న షరతు అందులో లేదు. అది ఎటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమని గీత అంటుంది. అరగంట జపంలో మనసు ఇరవైసార్లు బజారుకు పోతే, ఇరవైసార్లు తిరిగి తెచ్చుకోవడమే ఆ పూట సాధన. ఇది తెలియక, నాకు ధ్యానం కుదరదండీ అని వదిలేసినవాళ్లు బద్ధకంతో మానేసినవాళ్లకంటే ఎక్కువేమో అనిపిస్తుంది.

వైరాగ్యం సంగతి ఇంకాస్త చిక్కు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మన పెద్దలు వేళాకోళం చేసేది ఊరికే కాదు. అవి పూట దాటి నిలవవు. నిలిచే వైరాగ్యానికి దారి రెండో అధ్యాయంలో ఉంది. మనిషి పడిపోవడం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మెట్టు మెట్టుగా చూపిస్తాడు కృష్ణుడు. ముందు ఒక విషయాన్ని పదేపదే తలుచుకోవడం, దానిమీద మమకారం, కోరిక, అది తీరకపోతే కోపం, కోపంలో ఒళ్లు తెలియకపోవడం, నేర్చుకున్నది మరిచిపోవడం, బుద్ధి చెడటం, చివరికి పతనం.

అన్నదమ్ముల గట్టు తగాదానే చూడండి. కర్ర ఎత్తిన రోజున మొదలైంది కాదది. ఆ మూరెడు నేల నాదే కదా అని రాత్రుళ్లు పడుకుని తలపోసిన నాడే మొదలైంది. కోపం దాకా వచ్చాక ఆపడం మహర్షులకే కష్టం, విశ్వామిత్రుడి కథ తెలిసిందే. తలపు దగ్గర ఆపడం మనబోటివాళ్లకూ సాధ్యమే. పతంజలి ఇందుకే చెడు తలపు లేచినప్పుడు దానికి ఎదురు తలపును తెచ్చుకోమన్నాడు. సుఖంగా ఉన్నవాళ్ల పట్ల స్నేహం, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల సంతోషం, చెడ్డవాళ్ల పట్ల ఉపేక్ష అలవరచుకోమనీ అన్నాడు. నాలుగింటిలో మొదటిదే గట్టిది. పక్కింటి అబ్బాయికి మంచి సీటు వచ్చిందని విన్న క్షణాన మనలో ఏం జరుగుతుందో ఎవరికి వారు చూసుకోవచ్చు.

అలాగని ఒంటిని హింసించమని గీత ఎక్కడా అనదు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంటుంది. శరీరాన్ని కృశింపజేసే ఘోర తపస్సులను పదిహేడో అధ్యాయం ఆసురమని తేల్చేసింది.

తెలుగునాట ఈ సాధన ఇప్పటికీ వీధిలో ఎక్కువగా కనిపించేది అయ్యప్ప దీక్షలోనే. 41 రోజుల మండలం, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, మాంసం మద్యం దగ్గరికి రానివ్వకపోవడం. అన్నిటికంటే నాకు నచ్చేది పిలుపు. మాల వేసుకున్నవాడు యజమాని అయినా, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడైనా ఒకరికొకరు స్వామే. అహంకారానికి అంతకంటే తేలికైన మందు నాకు తెలియదు. ఈ నియమాల బరువులో సగం తెల్లవారకముందే లేచి మడితో వండే ఆడవాళ్ల మీద పడుతుందని కూడా చెప్పాలి. ఆ సాధన ఎవరి ఖాతాలోకి వెళుతుందో మరి!

మాల తీసిన మర్నాడే సీసా ఎత్తేవాళ్ల మీద జోకులకు లోటులేదు. ఇక్కడే అర్జునుడి రెండో సందేహం పనికొస్తుంది. శ్రద్ధ ఉండీ మధ్యలో జారిపోయినవాడు ఇటూ అటూ కాకుండా చెదిరిన మబ్బులా నశించిపోతాడా అని అడుగుతాడు. లేదంటాడు కృష్ణుడు. మంచి పని మొదలుపెట్టినవాడికి దుర్గతి లేదు. శుచిమంతుల ఇంటనో, ఇంకా అరుదుగా యోగుల కులంలోనో మళ్లీ పుడతాడు, వెనకటి జన్మలో ఆగిన చోటునుంచే అందుకుంటాడు. తనకు ఇష్టం ఉన్నా లేకున్నా పాత అభ్యాసమే అతణ్ని లాక్కుపోతుందట. కార్తీకం రాగానే మళ్లీ మాల వేసుకోవడానికి వెళ్లే ఆ మనిషిని చూసి నవ్వేవాళ్లు ఆరో అధ్యాయం చివరిదాకా చదివినట్టు లేరు.