బ్రాకెట్లో భార్యలు

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డుకు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని అందరూ పులి స్వారీ పోలిక కోసమే గుర్తుపెట్టుకున్నారు. నాకు ఆ పోలిక మీద మొదట్నుంచీ అనుమానమే. పులే వచ్చి మనిషి కింద దూరినట్టుంటుంది. ఎక్కిన సంగతి ఉండదు.

ఆ ఉత్తరంలో బలమైన రచన మొదట్లో ఉన్న అంకెలే. చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవు. వస్తుందన్న 376 కోట్ల వడ్డీ లేదు. విశేషణం లేదు, వణుకు లేదు. ఆ తర్వాత భాష మారుతుంది. ఎనిమిదేళ్లలో తానూ, మేనేజింగ్ డైరెక్టరైన తమ్ముడూ, దానధర్మాల కోసం ప్రకటించి అమ్మిన కొద్ది వాటాలు తప్ప, ఏమీ అమ్ముకోలేదంటారు. అక్కడే బ్రాకెట్లో: భార్యలతో సహా. ఇంకాస్త కిందికొస్తే, కుటుంబంలో ఎవరికీ ఇవేవీ తెలియవంటారు. లెక్కలో చేర్చేంత దగ్గర, తెలియనంత దూరం! ఆ రెండు వాక్యాల మధ్య ఒక నవల ఉంది. మన భాషలో నేనింకా చదవలేదు.

ఈమధ్య దాన్ని మళ్లీ చదివింది తుమ్మలపల్లెలో, మా చిన్నమ్మ ఇంట్లో. చిన్నాయన ఒక డిపాజిట్ల కంపెనీకి ఏజెంటు. కంపెనీ మూతపడింది, ఊళ్లోవాళ్ల డబ్బు పోయింది. అంతకుముందే ఆయన రిటర్నులో చూపని కమీషన్‌తో చిన్నమ్మ పేర రెండంగళ్లు కొని బాడుగకిచ్చినాడు. అప్పట్లో అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ ప్రకారం ఆ బాడుగ ఆయన ఆదాయమే. ఆస్తి ఆమె పేర ఉంది కాబట్టి నోటీసిచ్చి ఆ మేరకు పన్ను ఆమె దగ్గరే వసూలు చేయొచ్చనేది 65వ సెక్షన్. అమెరికాలో ఉమ్మడి రిటర్ను వేసే మనవాళ్లకైతే ఇంకా గట్టిది: మొత్తం పన్నుకు ఇద్దరూ బాధ్యులు. ఊరట కావాలంటే తనకు తెలియదనీ, తెలిసే వీలూ లేదనీ ఆ మనిషే చూపించుకోవాలి. అంటే ‘తెలియదు’ అనే మాట ఎవరిది వాళ్లే చెప్పాలి. ఉత్తరంలో దాన్ని ఇంటాయన అందరి తరఫునా చెప్పేశారు.

‘నీకు తెలుసా?’ అని చిన్నమ్మను నేనూ అడిగినా.

‘మీ చిన్నాయన సంతకం పెట్టమన్న్యాడు, పెడితి. అంగళ్లు వచ్చినపుడు సంతోషపడితి గూడా. అబద్ధమెందుకు?’

బ్రాకెట్ సంగతి చెప్పినా. కాసేపు ఊరకుండి అడిగింది:

‘రాసేముందు ఆయమ్మల్ని ఎవరన్నా అడిగిరా?’