తప్పెటగుళ్ళు - వర్చువల్ రియాలిటీ: ఆట మిగిలితే చాలునా?

నృత్యాన్ని వర్చువల్ రియాలిటీలోకి తీసుకుపోవడం గురించి మన సభల్లో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. యంత్రం ప్రజాకళను మింగేస్తుందని కొందరి భయం. అంతరించిపోతున్న కళారూపాలను భద్రపరిచే సాధనం దొరికిందని మరికొందరి సంబరం. ఇద్దరిదీ ఒకే పొరపాటని నా అభిప్రాయం. ఇద్దరూ యంత్రాన్నే చూస్తున్నారు. దాని ఎదుట ఆడిన మనిషి ఇద్దరి లెక్కలోనూ లేడు.

ఈ సంగతి నాకు శ్రీకాకుళం జిల్లా భావనపాడులో తెలిసివచ్చింది. గంగమ్మ పండగకు లోపలి ఊరినుంచి ఒక తప్పెటగుళ్ళ దళం వచ్చింది. ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు అన్ని వైపులా ఒకేసారి తీసే కెమెరాను కర్రకు కట్టి వలయం నడిమధ్య పాతాడు. మర్నాడు అట్టతో చేసిన కళ్ళజోడులో సెల్‌ఫోను అమర్చి అందరికీ చూపించాడు. నేనూ పెట్టుకున్నాను.

లాభాన్ని ముందు ఒప్పుకోవాలి. తప్పెటగుళ్ళు నాలుగు దిక్కులా జనం ఉండే ఆట. పదిహేను ఇరవైమంది గుండెలకు తప్పెటలు తగిలించుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గురువు పాటను అందుకుంటూ, ఎగురుతూ, గిరగిర తిరుగుతూ, ఒకరి భుజాలమీద ఒకరెక్కి గోపురాలు కడతారు. దీన్ని ఉత్సవ వేదికలు ఎక్కించినప్పుడు మనం చేసిందేమిటి? వలయాన్ని విప్పి, ముఖ్య అతిథుల కుర్చీలవైపు వరసలో నిలబెట్టాం. టెలివిజన్ కెమెరా కూడా ఆ కుర్చీలోనే కూచుంది. కళ్ళజోడు ఆ వలయాన్ని తిరిగి కలిపింది. తల తిప్పితే వెనక ఆడేవాడూ కనబడ్డాడు. ప్రేక్షకుడు ఎప్పుడూ నిలబడలేని చోటు నాకు దొరికింది.

ఆ తర్వాత దళంలోని పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. నలుదిక్కులా చూశాడు. తల కిందికి దించి కాసేపు వెతుక్కున్నాడు. "బాబూ, అందరూ అగుపడతన్నారు గానీ నానగుపడ్నేదేటి? నా గుండెల మీద తప్పెటేదిరా?" అన్నాడు.

ఈ ప్రశ్నను మించిన విమర్శ నేను చేయలేను. కెమెరా నిలిచిన చోట మనిషి లేడు. అందుకని చూసేవాడికి కాళ్ళూ లేవు, తప్పెటా లేదు. ఒకరు చూస్తుంటే మిగిలినవాళ్ళు అతని ముఖం చూస్తూ నిలబడ్డారు. వంత పలికేవాడు లేడు, ఈల వేసేవాడు లేడు, చదివింపు అందించేవాడు లేడు. వలయం తిరిగివచ్చింది, జనం మాయమయ్యారు.

'వర్చువల్ రియాలిటీ' అన్న మాటకు నాటకరంగంతో పాత చుట్టరికం ఉంది. ఫ్రెంచి నాటక సిద్ధాంతకర్త ఆంటొనిన్ ఆర్టో 1938లో వెలువడిన తన గ్రంథంలో రంగస్థలం సృష్టించే ప్రపంచానికి ఆ మాట వాడాడు. కంప్యూటరు రంగంలో దానికి ప్రచారం వచ్చింది 1980లలో. 1999లో అమెరికన్ నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 'బైపెడ్' అనే ప్రదర్శనలో మోషన్ క్యాప్చర్ వాడాడు. నర్తకుల ఒంటిమీద గుర్తులు అంటించి, వాటి కదలికలను కెమెరాలతో కొలిచి, ఆ కొలతలనుంచి తయారైన రేఖాకృతులను వేదిక ముందున్న పల్చటి తెరమీద ఆడించారు. తెర వెనక సజీవ నర్తకులూ ఆడారు. 2017లో స్విట్జర్లాండుకు చెందిన జిల్ జోబాన్ 'వి.ఆర్.ఐ.' అనే నృత్యం రూపొందించాడు. అందులోకి ఒకేసారి ఐదుగురు ప్రేక్షకులు ప్రవేశిస్తారు. ప్రతివారికీ ఒక బొమ్మదేహం ఉంటుంది, ఒకరికొకరు కనబడతారు. అంటే పెద్దాయన ప్రశ్నకు సాంకేతికమైన జవాబు ఉంది. ఆ జవాబు ఐదుగురికి సరిపోతుంది, ఊరికి సరిపోదు.

మన అనుభవం వేరు. 1940లలో ప్రజానాట్యమండలిలో షేక్ నాజర్ బుర్రకథను, 1960ల చివర బొడ్డపాడు కేంద్రంగా సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టినప్పుడు పాత రూపంలోకి కొత్త వస్తువు చేరింది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి కాల్చివేతకు గురయ్యాడు. కథ మాత్రం ఆగలేదు. విన్నవాడు మర్నాడు చెప్పేవాడు కాగలిగాడు కనకనే ఆగలేదు. ప్రజాకళకు గీటురాయి ఇదే: చూసినవాడు ఆడేవాడు కాగలడా? ఏ యంత్రాన్నయినా ఈ రాయిమీదే గీసి చూడాలి.

ఇక యాజమాన్యం సంగతి. 1957 కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రదర్శకుడికి తన ప్రదర్శనమీద ప్రత్యేక హక్కులిచ్చింది. ప్రదర్శకుల జాబితాలో నటుడు, గాయకుడు, నర్తకుడితోపాటు పాములవాడూ ఉన్నాడు. అయితే సినిమాలో చేర్చడానికి ఒకసారి రాసి ఇచ్చాక, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నిర్మాతకు అడ్డుచెప్పే వీలులేదు. వ్యాపారానికి వాడితే రాయల్టీ మాత్రం అడగవచ్చు. కాని ముఖాన్ని వదిలేసి కీళ్ళ కదలికల కొలతలే తీసుకుంటే? వాటికి వేరే ముఖం, వేరే బట్టలు తొడిగి ఎక్కడైనా ఆడించవచ్చు. అప్పుడు ఎగిరిందెవరో ఎవరు చెబుతారు? ఏళ్ళ తరబడి చేసిన సాధన ఒక ఫైలుగా మారి, చేసినవాడి చేయి దాటిపోతుంది. మార్క్స్ చెప్పిన మృతశ్రమకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఈ తీరంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవు ప్రతిపాదనే 2023 ఏప్రిల్‌లో మూలపేట దగ్గర శంకుస్థాపనగా మారింది. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ పడవలమీదికి వలసపోవడం ఏళ్ళుగా ఉన్నదే. మనుషులు కదిలిపోయే చోట ఆటను భద్రపరచడం తేలిక, ఆడేవాళ్ళను నిలబెట్టడం కష్టం. ఆట ఫైలులో ఉంది కదా అన్న ధీమా, ఆడేవాడి కూలి గురించీ ఊరి గురించీ అడగనక్కర్లేదన్న ధీమాగా మారడానికి ఎంతోకాలం పట్టదు.

అందుకని యంత్రాన్ని వెలివేయమంటున్నానా? కాదు. ఆ సాయంత్రం కుర్రవాడు కెమెరాను కర్రనుంచి విప్పి పెద్దాయన నుదుటికి కట్టాడు. బొమ్మ కుదుపులతో పాడయింది. చూసినవాళ్ళకు కళ్ళు తిరిగాయి. కాని తల దించినప్పుడల్లా రెండు చేతులూ, తప్పెటా కనబడ్డాయి. అది చూస్తున్న ఇద్దరు పిల్లలు తమకు తెలియకుండానే అరచేతులతో గుండెలమీద దరువు వేయడం మొదలుపెట్టారు.

నాకు ఆశ కలిగించింది ఆ దరువే. ఆటను ఎక్కడనుంచి తీయాలో ఆడేవాడే చెప్పాలి. తీసిన ప్రతి ఒకటి దళం దగ్గర ఉండాలి. దాని కొలతలమీద, రాబడిమీద దళానికి రాతపూర్వకమైన హక్కు ఉండాలి. ప్రజాకళలమీద పనిచేసే రచయితలు, విద్యార్థులు కెమెరా పట్టుకుని పల్లెకు వెళ్ళే ముందు ఈ మూడింటినీ తమ షరతులుగా ప్రకటించాలి.