శుద్ధి ఎవరికోసం? – జాన్ విండమ్ నవల ‘ది క్రిసలిడ్స్’

బికినీ దీవిలో అమెరికా పెద్ద హైడ్రోజన్ బాంబు పేల్చింది 1954లో. ఆ మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో జాన్ విండమ్ ‘ది క్రిసలిడ్స్’ నవల వెలువడింది. సీతాకోకచిలుక కాబోయే ముందు పురుగు గూటిలో ఉండే దశకు ఆ పేరు. కెనడా, బ్రిటన్ బడుల్లో పదిహేనేళ్ల పిల్లలచేత చాలాకాలంగా దీన్ని చదివిస్తున్నారు. కనుక ఇది పిల్లలకు ఏ దృక్పథాన్ని అందిస్తున్నదో పరిశీలించడం అవసరం.

మన నాగరికత కాలిపోయి తరాలు గడిచాక, లాబ్రడార్‌లోని వాక్నక్ అనే పల్లెలో కథ నడుస్తుంది. ఆ వినాశనాన్ని అక్కడి జనం దైవశిక్షగా నమ్ముతారు. దేవుడు నిర్ణయించిన రూపానికి భిన్నమైనదంతా వారికి పాపమే. పైరు తేడాగా మొలిస్తే తగలబెడతారు. అవకరంతో పుట్టిన పశువును కోసేస్తారు. మనుషులైతే సంతానం కలగకుండా చేసి ‘ఫ్రింజెస్’ అనే సరిహద్దు అడవుల్లోకి తరిమేస్తారు. ఊరిపెద్ద జోసెఫ్ కొడుకు డేవిడ్. అతని చిన్ననాటి నేస్తం సోఫీ కాలికి ఆరు వేళ్లు. డేవిడ్‌లోనూ ఒక తేడా ఉంది గాని పైకి కనబడదు. తనలాంటి మరికొందరు పిల్లలతో అతను నోరు విప్పకుండా మనసుతోనే మాట్లాడగలడు. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతో పెరిగే ఆ వయస్సును విండమ్ నిజాయితీగా చిత్రించాడు.

అంతకన్నా విలువైనది పెద్ద గుర్రాల ఘట్టం. పొరుగు రైతు మామూలు గుర్రాలను మించిన భారీ గుర్రాలను తెస్తాడు. ఇవి దైవసృష్టి కావని జోసెఫ్ గగ్గోలు పెడతాడు. ప్రభుత్వం మాత్రం వాటికి ఎప్పుడో ఆమోదముద్ర వేసింది. కారణం, తిన్నదానికి మించి పని చేస్తాయి. అదే ఊళ్లో డేవిడ్ తల్లి తోబుట్టువు హారియట్ చిన్న లోపమున్న పసికందును ఎత్తుకొని వస్తుంది. ధ్రువపత్రం కోసం నీ బిడ్డను అరువు ఇమ్మని వేడుకుంటుంది. తిట్టి పంపేస్తారు. తర్వాత ఆమె శవం ఏట్లో తేలుతుంది. లాభం తెచ్చే గుర్రానికి వర్తించని శాస్త్రం తల్లి గర్భానికి వర్తించింది. మనకిది కొత్త సంగతి కాదు. మనిషిని మైల అనే ఇల్లు, ఆ మనిషి చేతులు పండించిన ధాన్యాన్ని మైల అనదు.

ఇంత స్పష్టంగా చూసిన రచయిత ముగింపులో తడబడ్డాడు. న్యూజీలాండ్ అని మనం పోల్చుకోగల ‘సీలాండ్’ నుంచి ఒక స్త్రీ విమానంలో వచ్చి పిల్లలను కాపాడుతుంది. విమానం విడిచిన జిగురుదారాలు బిగుసుకొని, కింద పోరాడుతున్న ఊరివాళ్లనూ వెలివాడవాళ్లనూ ఒక్కతీరుగా చంపేస్తాయి. మనసుతో మాట్లాడే తాము ఉన్నత జాతి అనీ, పాతజాతి నశించక తప్పదనీ ఆమె ఉపదేశిస్తుంది. ఇది జోసెఫ్ వాదమే. శుద్ధులెవరన్నదే మారింది.

ఇదంతా రచయిత వ్యంగ్యమని సమర్థించేవారున్నారు. కాని ఆ మాటలను గట్టిగా ఎదిరించే గొంతు నవలలో ఒక్కటీ లేదు. చివరి పేజీల్లో మిగిలేది కొత్త నగరాన్ని చూసిన ఆనందమే. సోఫీ అప్పటికే పోరులో చనిపోయింది. ఆమె ఆరోవేలు ఏ ఉన్నతజాతికీ పనికివచ్చే తేడా కాదు. పనికొచ్చే తేడాకు పట్టం, పనికిరాని తేడాకు చావు అన్న పెద్ద గుర్రాల న్యాయమే కొత్త లోకంలోనూ చెల్లింది.

ఒక్క మైకేల్ మాత్రం విమానం ఎక్కడు. వాక్నక్‌లో ఒంటరిగా మిగిలిన రేచల్ కోసం వెనక్కి వెళతాడు. ఆమె దాకా వెళ్లి తిరిగి రావడానికి విమానంలో ఇంధనం చాలదు మరి. నవలలోని మానవత్వం విమానంలో కన్నా అతని తిరుగుప్రయాణంలోనే ఎక్కువగా ఉంది. రచయిత దాన్ని నాలుగు మాటల్లో దాటేశాడు.

ఈ నవలను పిల్లలకు ఇవ్వవద్దని నేననను. మా తొమ్మిదో తరగతికి ఈ కథ చెప్పినప్పుడు అందరూ విమానం గురించే అడిగారు. వెనకబల్ల మీది అమ్మాయి ఒకతె మాత్రం, “సోఫీని ఎవరు పూడ్చిపెట్టారు సార్?” అంది. నవలలో దానికి జవాబు లేదు. ప్రళయం గురించి పిల్లలకు రాయబోయే మన రచయితలు ముందుగా జవాబు చెప్పవలసింది ఆ ప్రశ్నకే.